ఆట ముగిసిన పిమ్మట

శరీరబలముచే గడించిన కీర్తి స్వల్పకాలికమని అందఱు నెఱుగుదురు. పండితునకు వయస్సుతోపాటు గౌరవము పెరుగును. క్రీడాకారునకు ముప్పది యేండ్లు దాటగనే వార్ధక్యము సమీపించును. నిన్న వేలకొలది జనులు ఎవనిని జయజయధ్వానములతో ముంచెత్తిరో, నేడు వాడు వీధిని నడచుచుండ గుర్తించువారుండరు. అట్టివాని శేషజీవితమునకు అర్థమేమి? ఆటకై వెచ్చించిన యౌవనము వ్యర్థమేనా?

పుదుచ్చేరి పట్టణమున గడచిన యొక జీవితమును పరికించిన నీ ప్రశ్నకు కొంత సమాధానము లభించును. 1889లో జన్మించిన నళినీకాంత గుప్త కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచు విప్లవోద్యమమున జేరి, 1908లో అలీపూరు బాంబు కేసున బంధింపబడి, ఏడాది చెఱయందుండి విడుదల నొందెను. 1910లో శ్రీ అరవిందులు పుదుచ్చేరి చేరగా, ఆ యేడే ఆయనయు నచటికి వచ్చెను. ఫ్రెంచివారి యేలుబడిలోని యా యూరను ఆంగ్లప్రభుత్వపు గూఢచారులు వీరిని వెన్నంటియుండిరి. పరిచితులు లేని ఆ దినములలో స్థానిక యువకులతో వీరికి చెలిమి గూర్చిన వానిలో ఫుట్‌బాల్ క్రీడ ముఖ్యమైనది. మైదానమున బంతివెంట పరుగిడిన యా యువకుడే గురుసన్నిధిని గ్రీకు, లాటిను, ఫ్రెంచి, ఇటాలియను భాషల నభ్యసించెను. గ్రీకున తొలిపాఠము వ్యాకరణము గాదు. యూరిపిడీసు రచించిన మీడియా నాటకమే! 1926లో ఆశ్రమ మేర్పడిన పిదప దానికి కార్యదర్శియై, వంగాంగ్లభాషలలో పెక్కు గ్రంథములు వ్రాసి, 1984లో తనువు చాలించెను. అరువదియేండ్లు దాటిన పిదపను ఆశ్రమ క్రీడాంగణమున పోటీలలో పాల్గొనెను.

ఇచట గమనింపదగినది యొకటి గలదు. ఆట ముగిసినపిమ్మట ఆయన రెండవ జీవితమును వెదకికొనలేదు. ఆడుచున్న దినములలోనే దానికి బీజము నాటుకొనెను.

కాని యొక ఆక్షేపణ రావచ్చును. ఉన్నతధ్యేయము దొరకినవాని మాట యటుంచుడు. దైవము బలిమిని ఆటనుండి తొలగించినవాని గతియేమి? సికింద్రాబాదు ప్రాంతమున బుట్టిన తులసీదాస్ బలరాం 1956లో మెల్బోర్ను, 1960లో రోము ఒలింపిక్సులలో ఆడెను. రోమున హంగేరీ, పెరూ జట్లపై గోలులు సాధించెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో నుండెను. మఱుసటి యేటనే, ముప్పది నిండకమున్నే, శ్వాసకోశవ్యాధి యాతని ఆట మాన్పించెను. పిమ్మట 2023 వఱకు జీవించెను. ఆడిన కాలము పదియేండ్లు. ఆడని కాలము అరువదియేండ్లు!

అట్టివాని దుఃఖము మిథ్యయని ఒడ్డున నిలిచినవాడు బోధింపరాదు. ఆతనికి వైరాగ్యోపదేశము చేయుటకంటె, ఆతని ఆటచూచి ఆనందించిన సమాజము తన ఋణమును దలచుకొనుట ధర్మము. అయినను, వ్యాధి హరించునది కాళ్ల వేగమును మాత్రమే. తోడివానికి బంతి నందించి గోలుకీర్తిని వానికే విడుచుట, ఓటమిని ద్వేషములేక సహించుట, తనకు ప్రతికూలమైన తీర్పునకును తలవంచుట—ఇవి మనస్సు సంపాదించిన ధనములు. వీనిని వ్యాధిగాని వయస్సుగాని అపహరింపజాలవు. గీతాచార్యుడు బోధించిన ఫలత్యాగమునకు ఇంతకంటె సులభమైన ప్రథమపాఠశాల యేది?

1897లో మద్రాసున వివేకానందస్వామి యువకులకు ముందు బలము నార్జింపుడని హితవు చెప్పినది ఇందులకే. బలము సోపానము, సోపానముపై నిలిచి గృహప్రవేశమైనదని భావించువాడు మాత్రమే, అది కదలినప్పుడు పడిపోవును. కావున యువకులారా, మనసార ఆడుడు. ఆడుచున్నప్పుడే, ఆట ముగిసిన మఱునాడు తెల్లవాఱి చేయదగిన పని యేదో నిర్ణయించుకొనుడు.