గమ్యములేని పరుగు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 9:24–26



మన మిర్యాలగూడ స్టేషనులో బండి కొరకు కూర్చున్న పిల్లల చేతులలో చూడుడి. సెల్‌ఫోనులో మరియొక రైలు మార్గము, దానిపై పరుగెత్తు పిల్లవాడు, వెనుక కావలివాడు, కుక్క. ఇది 2012లో డెన్మార్కు దేశములో చేసిన ‘సబ్‌వే సర్ఫర్స్’ అను ఆట. అంతకుముందు, 2011లో, అమెరికాలో దంపతులు స్థాపించిన యొక చిన్న కంపెనీ ‘టెంపుల్ రన్’ను చేసెను.

కల్పించినవారి నేర్పును నేను తక్కువచేయను. పరుగు దానంతటదే సాగును. ఎగురుట, వంగుట, ప్రక్కకు తొలగుట మాత్రమే ఆడువాని వంతు. దారి ముక్కముక్కగా ఎప్పటికప్పుడు ముందర అతుకబడుచుండును గనుక అది ముగియదు. వేగము పెరుగుచుండును. కడకు ప్రతివాడును పడవలసినదే. పడగానే మరల పరుగెత్తుమని మీట కనబడును. నిన్నటి లెక్క కంటె నేటి లెక్క పెద్దదగుటయే బహుమానము.

నా తప్పు ఒప్పుకొందును. ఒక సాయంకాలము మా అబ్బాయిని మందలించి ఫోను తీసికొంటిని. ఇందులో ఏమున్నదో చూతమని ఆడ మొదలుపెట్టితిని. తలయెత్తునప్పటికి చీకటి పడెను. తల్లికి జబ్బుగా నున్నది, ప్రార్థనకు రండని రైసుమిల్లు హమాలి యొకరు మధ్యాహ్నమే కబురంపియుండెను. తెల్లవారి వెళ్లితిని. ఆ తల్లి కన్నులు తెరచెను గాని మాటలాడలేకపోయెను. నిన్న ప్రొద్దుగూకు వరకు వాకిలివైపే చూచినదని కోడలు చెప్పెను.

కొరింథు దగ్గర రెండేండ్లకొకసారి ఇస్త్మియా పందెములు జరిగెడివి. అచ్చట పరుగునకు ముగింపు గీత కలదు. అందుచేతనే గురిలేనివానివలె నేను పరుగెత్తనని పౌలు చెప్పినది వారికి తెలిసినది. మన ప్రభువు యాయీరు ఇంటికి త్వరపడి పోవుచుండియు, తన వస్త్రము ముట్టిన స్త్రీ కొరకు త్రోవలో నిలిచెను (మార్కు 5). ఆ ఆటలో నిలుచుట లేదు. గమ్యమెరిగినవాడే నిలువగలడు.

ఇది పిల్లల మాట మాత్రమే కాదు. మిల్లులో బస్తాల లెక్క, పొలములో ఎకరముల లెక్క, గుడిలో పాస్టరుకు హాజరు లెక్క, ఇవియు ముగియని పరుగులే. ఫోను లాగికొనుటకు ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండి ఆ ఆట యేమో అడుగుడి. పిమ్మట వాని చేయిపట్టి ఒక రోగి యింటికి తీసికొనిపొండి.

ప్రభువా, మా పరుగునకు గురి నిమ్ము. పిలుపు వినబడినచోట నిలుచు కృప నిమ్ము. ఆమేన్.