తలదాచుకొను చోటు: దానమా, ఋణమా?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలన్న మాట జాగా ఉన్నవానిని ఉద్దేశించినది. కట్టుకొనుటకు జానెడు నేల లేనివానికి ఆ సామెత వర్తింపదు. వాని కష్టము సామెతలోనికి సైతము ఎక్కలేదు. పల్లెలో క్రొత్త మనిషి కనబడినచో మొదట అడుగు ప్రశ్న "మీ ఇల్లెక్కడ?" అనునదే. దానికి బదులు చెప్పలేనివాడు ఊరి లెక్కలో మనిషిగా నిలువడు.

ఇల్లు లేనివారనగా పట్టణపు కాలిబాటలపై పరుండువారే మనకు స్ఫురింతురు. కాని 2011 జనాభా లెక్కలలో గృహహీనులుగా తేలిన సుమారు 17.7 లక్షల మందిలో 8.3 లక్షల మంది గ్రామములలోనివారే. ఆ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఆరుబయట, మంటపములలో, రైలు స్టేషనులలో, తూము గొట్టములలో పరుండియున్న వారిని వెదకి వ్రాసికొన్న లెక్క యిది. బంధువుల వసారాలో కాలము గడుపువారు ఇందులో చేరరు. ఒకే గదిలో చీర అడ్డుగట్టి ఒకవైపు అత్తమామలు, ఒకవైపు క్రొత్త దంపతులు ఉండు కుటుంబము లెక్క ప్రకారము ఇల్లు గలదే. కనుకనే ఏ ఊరిలో అడిగినను "మా ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళెవరున్నారండీ?" అను సమాధానము వచ్చును. అది అబద్ధము కాదు. చూడకపోవుట మాత్రమే.

"ఇల్లు మాత్రమేమి శాశ్వతము? ఈ దేహమే అద్దె కొంప గదా!" అని వేదాంతము చెప్పువారు కలరు. వీరశైవమందు స్థావరముకన్న జంగమమే మిన్న యనుట ప్రసిద్ధము. అట్లయినచో ఇంటికై ఇంత ఆరాటమేల యని అడుగవచ్చును. ఇది తూకము తప్పిన వాదము. విరాగి విడిచినది తనకు ఉన్నదానిని. కూలివాడు విడుచుటకు ఏమున్నది? జంగముని సంచారము సాగవలెనన్నచో ఊరూర తెరచిన తలుపొకటి ఉండవలెను. తలుపునకు ఇల్లు, ఇంటికి నేల కావలెను. జంగమమును అంతగా పూజించిన బసవేశ్వరుడే కళ్యాణమున తన మహామనెను శరణులకు తెరచియుంచెను. గోడలను తృణీకరించుటయే ఆయన అభిమతమైనచో మహామనె యేల?

రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది. కాయకమును కైలాసముతో సమముగ నెంచినవారు "ఇల్లు ఎవని చెమటతో వాడు సంపాదించుకొనవలెను, ఊరక ఇచ్చినచో సోమరితనము పెరుగును" అందురు. మాట వినుటకు న్యాయముగనే యున్నది. దీనిని ఇటుక బట్టీ దగ్గర నిలిపి పరీక్షింపవలెను. ఏటేట వానలు వెనుకబట్టిన తరువాత ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతములనుండి పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల బట్టీలకు కుటుంబములకు కుటుంబములే తరలివచ్చును. స్వగ్రామమున పుచ్చుకొన్న అడ్వాన్సు తీరువరకు భార్యాభర్తలు కలిసి మట్టి తొక్కి, అచ్చు వేసి, వరుసలుగ ఆరబెట్టుదురు. పిల్లలు ఇటుకలు తిరుగవేయుదురు. వారు పరుండునది ఇటుకలే పేర్చి పైన రేకో, ప్లాస్టిక్ పట్టాయో కప్పిన గుడిసె. వంగనిదే అందులోనికి దూరుట సాధ్యము కాదు. వారి చేతులమీదుగ వెళ్ళిన ఇటుకలు ఎన్ని మేడలైనవో లెక్క లేదు. వీరికన్న మిన్నయైన కాయకము చేయువారెవరు? శ్రమ చాలకపోవుటవలన ఇల్లు లేకపోలేదు. కూలి గోడకు చాలవచ్చును, నేలకు చాలదు.

ధర్మసూక్ష్మము ఇక్కడనే యున్నది. గోడ కాయకఫలము. ఎవడు కట్టెనో వానిదనుటలో తప్పు లేదు. నేల ఎవని కాయకఫలము? దానిని ఎవడును అచ్చు పోయలేదు, ఎవడును కాల్చలేదు. దున్నినవాడు పంటకు కర్త యగునుగాని భూమికి కర్త కాడు. అట్టి నేలలో రెండు సెంట్లు ఒకనికి విడిచిపెట్టుటను దానమనుట కొంచెము పెద్ద మాట. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరములు అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెను. అది సాగుభూమి సంగతి. ఐనను దానితో భూదానోద్యమమును ఆరంభించిన వినోబా భావే దానమను పదమునకు సమముగ పంచుకొనుట యను అర్థమునే చెప్పుచు వచ్చెను. (ఆ ఉద్యమమున వచ్చిన భూములలో పంపకమునకు నోచుకొననివి, నాగలి దిగనివి ఎన్నో యుండుట వేరొక కథ.)

ఐతే ఎవరి నేల? ఈ ప్రశ్న వచ్చినప్పుడే పెద్దమనుషుల గొంతు మారును. ఉత్తరప్రదేశములో దళితుల ఇండ్లకై ప్రభుత్వము భూమి సేకరింపబోగా యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. చమేలీ సింగ్ కేసని పేరుపొందిన ఆ వ్యాజ్యములో 1995లో సుప్రీంకోర్టు భూసేకరణను సమర్థించుచు, నివాసము జీవించు హక్కులోని భాగమేయని తీర్పు చెప్పెను. హక్కు అనిన వెంటనే ఎదుట ఋణస్థుడొకడు ఉండవలెను. ఆ ఋణస్థుడు ప్రభుత్వమే యని ఊరు చేతులు దులుపుకొనును. కాని ఊరి దగ్గర ఎకరము మాత్రమే గల చిన్న రైతు, ఇరువది ఎకరముల ఆసామి సమానముగ ఋణస్థులు కారు. సేకరణ నోటీసు వచ్చినప్పుడు ఆసామికి వకీలు దొరకును, చిన్నవాడు సంతకము చేయును. ఒక పేదవానికి నీడ కల్పించుటకై మరియొక పేదవాని మెతుకు తీయుట ధర్మమని ఎవరు చెప్పగలరు? ఎవరిని తాకవలెనో తేల్చుకొనలేక చివరకు చెరువు శిఖములోనో, పల్లపు పొలములోనో స్థలములు చూపుట ఎన్నో చోట్ల జరిగినది. మొదటి వానకే హద్దురాళ్ళు మునుగును.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అన్యాయము. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనది. 2016లో దాని స్థానమున వచ్చిన గ్రామీణ ఆవాస పథకము ఇల్లు కనీసము 25 చదరపు మీటర్లు ఉండవలెనని, మైదాన ప్రాంతమున 1.20 లక్షల రూపాయల సాయమని నిర్ణయించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో సుమారు 30 లక్షల ఇండ్ల స్థలముల పట్టాల పంపిణీకి పూనుకొనిరి. చిక్కు ఎక్కడ ననగా, సాయము పని సాగినకొలది విడతలుగ వచ్చును. పలుచోట్ల మొదటి పని తన డబ్బుతోనో, అప్పుతోనో లేపవలసి వచ్చును. అప్పు పుట్టనివాని ఇల్లు పునాది దగ్గర ఆగి, తుమ్మమొక్కలకు నీడయగును.

పూర్వము ఇంటి ముందు అరుగు ఉండెడిది. చీకటి పడిన బాటసారి దానిమీద నడుము వాల్చుటకు ఎవరిని అడుగనక్కరలేదు. ఆ అరుగుమీద ఎవరు కూర్చుండవచ్చునో, ఎవరు నేలమీదనే నిలువవలెనో కులము నిర్ణయించెడిది. కనుక పాతదానిని మరీ పొగడుటకు వీలులేదు. అరుగు పోయి ప్రహరీ, ఇనుప గేటు వచ్చినవి. కులము మాత్రము గేటు లోపలనే యున్నది. ఇల్లు మంజూరైనప్పుడు "కట్టుకోనివ్వండి, కాని అటువైపు, ఊరికి దూరంగా" అను మాట వినబడును. ఇల్లు ఇచ్చి ఊరు ఇవ్వకుండుట యిది. పైకప్పు లభించినను ఇరుగుపొరుగు లభింపలేదు. కులభేదమును త్రోసిపుచ్చిన శరణుల పేరు తలచుకొనువారు తమ గోడకు ఆనుకొని ఎవరి గోడ లేచుటకు సమ్మతింతురో విచారించుకొనవలసియున్నది.

ఈ పథకముల అర్హుల జాబితాను గ్రామసభలో చదివి సరిచూడవలెనని నియమము కలదు. అక్కడ పేరు పలుకనివాడు జాబితాలో నిలుచుట కష్టము. పాలమూరు నుండి వలస పోయిన కూలివాడు ఆ దినమున ఎక్కడనో మేస్త్రీ క్రింద ఎవరి ఇంటికో స్లాబు పోయుచుండును. సభలో కూర్చున్న వారందరును ఇండ్లు గలవారే. ఆ పేరు వారిలో ఒకడు లేచి పలుకవలెను, ఆ కుటుంబము నిరుడు ఎవరి వసారాలో వానాకాలము గడపినదో కూడ చెప్పవలెను.