‘కావాలని గుద్దలే’ అన్న మాట గురించి



మొన్న ఆదివారం జనగామలో వందన అయిపోయాక మా చిన్నాయిన ఒక ప్రశ్న అడిగిండు. ఎడమ చేతికి కట్టు ఇంకా విప్పలేదు. “నన్ను గుద్దిన పిలగాడు ‘పెద్దాయనా, కావాలని గుద్దలే’ అన్నడు. చేతన లేనిది కమ్మం కాదని మీరే చెప్తరు గద. మరి నా చెయ్యి ఎవల ఖాతాల రాయాలె?”

ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు. ఒకాయన మాత్రం “నువ్వే జర పైలంగ పోవాలె అన్నా” అన్నడు.

చిన్నాయిన ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు రాత్రి వాచ్‌మెన్. ఉండేది బోడుప్పల్. రోజూ సైకిలే. మన జనగామ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్‌లో చేరేది ఆ దిక్కు నుంచే. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి నడిచింది కూడా అక్కడే. అసుంటి రోడ్డు మీద సైకిల్ మనిషికి మిగిలేది ఎడమ అంచు ఒక్కటే. ఆ అంచులోనే ఇసుక, గుంతలు, వాన నీళ్లు నిలిస్తే కనపడని గుంతలు. ఆటో ఉన్నట్టుండి ఆగుతది. ఆగి ఉన్న కారు తలుపు తటాలున తెరుచుకుంటది. బస్సు స్టాపు కోసం అడ్డంగా కోసుకొస్తది. ఎదురు దారిలో వచ్చే బైకులూ ఆ అంచునే పడతయి. పైలంగ పోవాలంటే ఎటు పోవాలె?

చిన్నాయినను గుద్దిన పిల్లవాడు ఫోన్ చూస్తున్నడు. రెండు సెకన్లే అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. అంత దూరం ఆ కారును నడిపినోడు లేడు.

ధమ్మపద అట్ఠకథలో మొట్టమొదటి కథ చక్ఖుపాల థేరుడిది. ఆయనకు చూపు లేదు. వాన వెలిసినంక నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చినయి. తోటి భిక్ఖువులు వచ్చి చెప్తే, ఆయనకు చంపే చేతన లేదు, దోషం లేదు అన్నడు బుద్ధుడు. పాణాతిపాతానికి అట్ఠకథలు ఐదు అంగాలు చెప్తయి: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే మనసు ఉండాలి, ప్రయత్నం జరగాలి, దానితో ప్రాణం పోవాలి. ఈ లెక్కన ఎవరైనా ఫోన్ చూస్తూ మనిషిని గుద్ది చంపినా మొదటి శీలం తప్పినట్టు కాదు. చిన్నాయిన ప్రశ్న ఈడనే గుచ్చుకుంటది.

కానీ థేరుడికి కళ్లు లేవు. కళ్లుండి చూడకపోవడం వేరు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం చేతన కాదా? బ్రేకు మీద కాలు పెట్టకుండా స్క్రీన్ మీద చూపు పెట్టడం ఎంపిక కాదా? గుద్దాలని అనుకోలేదు, నిజమే. ముందు మనిషి ఉంటడా లేడా అన్నది పట్టించుకోవద్దని మాత్రం అనుకున్నడు. దానికి పాళీలో పేరుంది, పమాదం. ధమ్మపదంలో రెండో వగ్గం మొత్తం దానికి విరుగుడైన అప్పమాదం మీదే. మన దేశపు చట్టం కూడా కావాలని చంపిన హత్యను, నిర్లక్ష్యపు చావును వేరు చేస్తది కానీ రెండోదాన్ని వదిలిపెట్టదు. పాత 304-ఏ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్లు.

ఇగ నా సంగతి. నాది మోటార్ సైకిల్. జనగామ బస్టాండ్ కాడ ముందు సైకిల్ అడ్డమొస్తే హారన్ మీది వేలు తియ్యను. ముసలాయన బెదిరి పక్కకు ఒరిగిపోవడం ఎన్నిసార్లు చూసిననో. చూసి కూడా ముందుకు పోయిన. మహద్ చెరువు నీళ్ల మీద అందరికీ హక్కుందని బాబాసాహెబ్ 1927లో నడిచిన కథను సభల్లో చెప్పేది నేనే. రోడ్డు కూడా ఆ చెరువు లెక్కనే ఉమ్మడిది. బండి పెద్దదైనోడు పెద్దోడు, సైకిలోడు పక్కకు జరగాలన్నది ఎవరు నేర్పిన వరుస? ఊళ్లో దొర ఎదురైతే పక్కకు జరిగిన మన తాతల కాళ్లకు ఆ వరుస బాగా తెలుసు.

హైదరాబాద్‌లో సైకిల్ బాట లేకపోలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, 2023లో మొదలైంది. అది పొద్దున వ్యాయామానికి పనికొస్తది. బోడుప్పల్ నుంచి ఉప్పల్‌కు డ్యూటీకి పోయేటోనికి ఏం పనికొస్తది?

ఒక మాట మాత్రం తెలిసి ఉండాలి. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పథకం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50 వేలు వస్తయి. మన వాడల్లో చాలామంది దరఖాస్తే పెట్టుకోరు.

చిన్నాయినను గుద్దినోడు పారిపోలేదు, అది మెచ్చుకోవాలె. దవాఖానకు తీసుకపోయి, రెండు వేలు చేతిలో పెట్టిండు. చిన్నాయిన పైసలు అడగలేదు. “ఒక్కసారి ఆ పిలగాన్ని మన కూడికకు రమ్మను, నా ప్రశ్న ఆయననే అడుగుత” అన్నడు. నేను ఫోన్ చేసిన. ఎత్తిండు. వెనక హారన్లు వినపడుతున్నయి. “డ్రైవింగ్‌ల ఉన్న అన్నా, చెప్పు” అన్నడు.

నేనే ముందు ఫోన్ పెట్టేసిన. రాత్రి మళ్లీ చేయాలె.

చిన్నాయిన వచ్చే నెల డ్యూటీకి పోతనంటున్నడు. సైకిల్ వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అతికించినం.