కుంపటి ఉన్న గదిలో తలుపు



ఆగమన కాలం వచ్చిందంటే మన నిజామాబాదు, బోధను ప్రాంతాల్లో ఉదయపు పూజ గంట కొట్టే వేళకు వాడవాడకూ ఒక నెగడు కనిపిస్తుంది. కందికట్టె, మక్క బెండ్లు, ఎండిన చెరకు పిప్పి, ఏది దొరికితే అది. నెగడు దగ్గర కూర్చున్న పెద్దల మాటలు ఎక్కడ మొదలైనా చివరికి శక్కర్‌నగర్ చేరతాయి. 1937లో నిజాం కాలంలో వెలసిన ఆ చక్కెర కర్మాగారంలో రసం తీసిన పిప్పినే బాయిలర్లో వేసి ఆ రసాన్నే కాచేవారు. చలికాలమంతా అక్కడ నిప్పు ఆరేది కాదు. 2015 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముంగిట, అది మూతపడింది. ఆ చలి ఎందరి ఇళ్ళలోకో వచ్చి ఇంకా పోలేదు.

ఈ వారం మీతో చెప్పదలచింది మాత్రం చిన్న నిప్పు సంగతి, కుంపటి సంగతి.

మా విచారణలోని ఒక పల్లెలో, ఒక ఇంట్లో అవ్వ, కోడలు, ఇద్దరు పిల్లలు ఒకే గదిలో పడుకున్నారు. చలికి తాళలేక కుంపటిలో బొగ్గులు రాజేసి గదిలో పెట్టుకున్నారు. తలుపు మూసి, సందుల్లో గుడ్డలు కూడా కుక్కారు. నడిరాత్రి చిన్నవాడు వాంతి చేసుకుంటే కోడలు లేవబోయి తూలి తలుపు మీద పడింది. గడియ ఊడి తలుపు తెరుచుకుంది. అందువల్లనే నలుగురూ బతికారు. నేను చూడబోతే అవ్వ అన్నది: "పొగ లేదు గద ఫాదరు, నిప్పులే గద అనుకున్నం."

అవ్వ మాటలోనే ఉంది ప్రమాదం. పొగ ఉంటే దగ్గు వస్తుంది, మెలకువ వస్తుంది. మూసిన గదిలో నిప్పుకు చాలినంత ప్రాణవాయువు అందక బొగ్గు సగం సగం కాలుతుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు. ఆ మత్తును మనం నిద్ర అనుకుంటాం. కనుక దయచేసి వినండి. కుంపటితో గది వెచ్చబెట్టుకున్నా, పడుకునే ముందు దానిని బయట పెట్టండి. అది గదిలో ఉన్నంతసేపూ తలుపో కిటికీయో తెరిచే ఉంచండి. తల నొప్పిగా ఉందంటే పిల్లలను ముందు బయటి గాలికి తీసుకురండి, తరువాత వైద్యుడి దగ్గరికి. పొగ వచ్చే పొయ్యి మంచిదని కాదు. వంటింటి పొగ, దాని వంటి ఇంటి కాలుష్యం వల్ల 2020 ఒక్క ఏడాదిలోనే లోకంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో మన అక్కచెల్లెళ్ళ వంటివారెందరో.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు నిప్పు, కట్టె ఉదాహరణను వల్లె వేసేవాళ్ళం. వేడి అయ్యే శక్తి కట్టెలో ఉంది, కాని తనంతట తాను వేడెక్కలేదు. వేడిగా ఉన్నది మరొకటి వచ్చి తాకాలి. పరీక్షకు అది చాలింది. ఆ నిప్పుకు గాలి కూడా కావాలని నేర్పింది మాత్రం ఆ అవ్వ ఇల్లే.

పునీత యోహాను సువిశేషంలో బొగ్గుల మంట రెండుసార్లు వస్తుంది. గ్రీకు మూలంలో రెండుచోట్లా ఒకే మాట. నూతన నిబంధనలో ఆ మాట ఇంకెక్కడా లేదు. 18వ అధ్యాయంలో ప్రధానార్చకుని ముంగిట పేతురు చలి కాచుకుంటున్నాడు. చలి కాచుకోవడం పాపం కాదు. కాని లోపల గురువును విచారిస్తున్నారు, బయట మంట వెచ్చగా ఉంది. ఆ మంట దగ్గర చోటు పోగొట్టుకోవడం ఇష్టం లేక కూడా ఆయన బొంకాడేమోనని నాకనిపిస్తుంది. 21వ అధ్యాయంలో ప్రభువే తీరాన బొగ్గులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా నీళ్ళలో తడిసినవారిని తినడానికి పిలిచాడు. పేతురును ఏమీ నిలదీయలేదు. ముందు తినిపించాడు, తరువాతే అడిగాడు.

పేతురు మీద ఇంతగా చెబుతున్నాను గనుక నా సంగతీ చెప్పాలి. పోయిన జనవరిలో ఒక రాత్రి పది దాటాక గేటు చప్పుడైంది. ఇటుక బట్టీ దగ్గర గుడిసె వేసుకున్న దంపతులు, చంకలో పసిబిడ్డ. దుప్పటి ఉంటే ఇమ్మన్నారు. రగ్గులోంచి లేవబుద్ధి కాలేదు. పొద్దున రమ్మని కిటికీలోంచే చెప్పాను. పొద్దున ఎవరూ రాలేదు. రెండు రోజులాగి వెతుక్కుంటూ వెళితే ఆ గుడిసె ఖాళీగా ఉంది. పేదవాని పైబట్టను కుదువ పెట్టుకున్నవాడు పొద్దు గూకక ముందే తిరిగి ఇచ్చివేయాలని నిర్గమకాండం 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. మరునాటి ఉదయానికి అన్న వాయిదా అందులో లేదు. ఆ అధ్యాయాన్ని నేను గుడిలో ఎన్నిసార్లు చదివానో!

ఈ క్రిస్మస్ రాత్రి పూజ ముగిసిన తరువాత గుడి ఆవరణలో నెగడు వేస్తున్నాం. ఇంటికొక ఎండుకట్టె తీసుకురండి. పచ్చికట్టె వద్దు, టైరు ముక్కలు అసలే వద్దు. మిగులు దుప్పట్లు, గొంగళ్ళు ఉంటే ముందు ఆదివారమే ఉపదేశిగారికి అందజేయండి. బట్టీల దగ్గరికీ, చెరకు కోత కూలీల గుడిసెలకూ యువతతో కలిసి నేనే వెళ్ళి పిలిచి వస్తాను. ఆ రాత్రి గేటుకు తాళం వేయం.