తల్లి పని కాయకమా? వెట్టియా?



బసవేశ్వరుని జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా మండువేసవిలో వచ్చును. ఆనాడు మఠములలో ప్రవచనములు జరుగును. కాయకము, దాసోహము, స్త్రీపురుష సమానత్వము అను మాటలు మైకులలో మ్రోగును. అదే వేళకు వెనుకనున్న వంటశాలలో పొయ్యిల ముందు చెమటలు క్రక్కుచు, చంకన బిడ్డ నెత్తుకొని వంట చేయు తల్లులకు ఆ మాటలు సగమే వినబడును. నేను 30 ఏండ్లుగా తెలుగు ఉపాధ్యాయుడను. అట్టి వేదికలపై నేనును పలుమారులు ప్రసంగించితిని. వంటశాల వైపు ఒక్కనాడైనను తొంగిచూచిన జ్ఞాపకము లేదు. నన్నీ వ్యాసమునకు పురికొల్పిన ప్రశ్న వేదిక మీద పుట్టినది కాదు; నా యింటి వసారాలో పుట్టినది.

మాది తాండూరు ప్రాంతము. నాపరాతి గనుల సీమ. ఇంట పరచినది నాపరాయి, పెరట పరచినది నాపరాయి. వేసవిలో పగలంతయు ఆ బండలు ఎండను త్రాగి, రాత్రి మనపై వెళ్ళగ్రక్కును. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలనిన మాట మాకు సామెత కాదు, అనుభవము. గడచిన వేసవిలో మా అమ్మాయి తన యిద్దరు బిడ్డలతో పుట్టినింటికి వచ్చినది. పెద్దవానికి 3 ఏండ్లు, చిన్నదానికి 5 నెలలు.

మా బడులకు ఏప్రిల్ చివరినుండి జూన్ రెండవ వారము వరకు సెలవులు. నాకవి విశ్రాంతి దినములు. ప్రాతఃకాలమున స్నానము, విభూతిధారణ, అరచేత లింగమునుంచుకొని నిదానముగా పూజ, పిమ్మట గ్రంథపఠనము. ఇట్లు నా దినము ప్రశాంతముగా గడచుచుండెను. ఆ ప్రశాంతత ఎవరి శ్రమపై నిలిచియున్నదో నాకు తోచలేదు.

అమ్మాయి దినము వేరు. దినము విడిచి దినము వచ్చు నల్లానీరు పట్టుటకు తెల్లవారకముందే లేవవలెను. బిందెలు నిండకముందే చిన్నది యేడ్చును. దానికి పాలిచ్చి పరుండబెట్టునంతలో పెద్దవాడు లేచును. ఎండ ముదరకముందే జొన్నరొట్టెలు కాల్చవలెను, బట్టలు ఉతికి ఆరవేయవలెను. ఆమె తల్లికి మోకాళ్ళ నొప్పులు; అయినను ఆమెయు కూర్చుండి కూరలు తరుగుచు, మజ్జిగ చిలుకుచు చేతనైనంత సాయపడును. మధ్యాహ్నము కరెంటు పోవును. ఒక చేత విసనకర్ర, ఒక చేత బిడ్డ. వీపంతయు చెమటకాయలతో బిడ్డ నిద్రపోదు. పెద్దవాడు ఎండలోనికి పరుగెత్తును. వానిని పట్టి తెచ్చుటయే ఒక పని. సాయంకాలము పెరటి బండలపై నీళ్ళు చల్లవలెను. రాత్రి మిద్దెపై దోమతెర కట్టవలెను. ఆ తెరలో బిడ్డ రెండుమార్లు లేచును, మూడుమార్లు లేచును.

ఇంత యెండలో పసిదానికి గ్రుక్కెడు నీళ్ళయిన పోయరాదా యని నేనంటిని. ఆరు నెలలు నిండువరకు, ఎంత వేసవియైనను, తల్లిపాలు తప్ప నీరు సైతము అక్కరలేదని, బిడ్డ దప్పికను తీర్చు నీరు ఆ పాలలోనే యున్నదని వైద్యులు చెప్పిన మాట ఆమె నాకు చెప్పినది. అందుచేత వేడి పెరిగినకొలది బిడ్డ మాటిమాటికి పాలకు వచ్చును. తల్లి తాను నీరు త్రాగి బిడ్డకు పాలు చేయవలెను. మనము వేసవిలో కూడలియందు చలివేంద్రము పెట్టి, దాత పేరు పెద్ద అక్షరములతో బోర్డుపై వ్రాయింతుము. ఇంటింట తల్లియే ఒక చలివేంద్రము. దానికి బోర్డు లేదు. మూయు వేళయు లేదు.

ఒకనాటి సాయంకాలము ఆమె నాకెదురుగా వసారాలో కూర్చుండి మెల్లగా నడిగినది: “నాయనా, లింగాన్ని చేతిలో పెట్టుకొని కూర్చొని మూడు రోజులైంది. మెడలో ఉంది గాని మనసు దాని మీద లేదు. పైగా ఎప్పుడు చూసినా చీర మీద పిల్ల కక్కిన పాలే. పాపం తగులుతుందా?”

నాకు శాస్త్రము తెలియును గదా! వెంటనే సమాధానము చెప్పితిని. జననము, జాతి, రజస్సు, ఉచ్ఛిష్టము, ప్రేతము అను ఐదు సూతకములును లింగధారికి లేవని శరణులు త్రోసివేసిరి. కావున పాల మరక మైల కాదు. ఇక పూజ మాట. బిడ్డలను పెంచుట కాయకము. కాయకమునందే కైలాసము కలదని శరణుల బోధ. “నీవు చేస్తున్నదే పూజ తల్లీ, వేరే పూజ ఎందుకు?” అని ముగించితిని. నా సమాధానమునకు నేనే సంతోషించితిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట నవ్వి, “అది కైలాసమైతే మీరెవరూ అందులోకి రారేం నాయనా? నాకొక్కదానికే ఇచ్చారా?” అని, బిడ్డ యేడ్చుచుండగా లోనికి పోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది అసత్యము కాదు. కాని సత్యమును నేను నా సుఖమునకు అడ్డుగా పెట్టుకొంటినా యను శంక కలిగినది. బిడ్డల పెంపకము కాయకమే యనుట గౌరవము. ఆ గౌరవమునే చూపి ఆ భారమును ఆమె నెత్తిననే వదలివేయుట మోసము. ఒకే మాట ఒకరి నోట గౌరవము, మరియొకరి నోట మోసము కాగలదు. ఈ రెంటికిని భేదమెక్కడ? మా తెలంగాణమున “వెట్టి” యను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. కూలి లేక, మాట లేక, వేళ లేక, కాదను హక్కు లేక చేయు పని వెట్టి. కాయకమునకును వెట్టికిని చేతుల పనిలో భేదము లేదు. చీపురు అదియే, పొయ్యి అదియే, ఊయెల అదియే. భేదము మరెచ్చటనో వెదకవలెను.

వెదకుటకు 12వ శతాబ్దపు కల్యాణమునకే పోవలెను. నేడు బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణము. అచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణ దంపతులుండిరి. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అనుభవమంటపమున తత్త్వచర్చలో మునిగి కాయకమును మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినది, లేచి పొమ్మని హెచ్చరించెను. కాయకమున నున్నవాడు లింగపూజను మరచినను తప్పులేదని బోధించిన మహనీయుడు ఆ మారయ్యయే. మా అమ్మాయికి నేను చెప్పిన సమాధానమునకు మూలమిదియే. కాని నేను కథలో సగమునే చెప్పితిని. ఆ కాయకమును చేయుచుండినది పురుషుడు. తత్త్వచర్చ పేర దానిని మరచినవాడును పురుషుడే. పురాణములు, ప్రవచనములు చెప్పుకొనుచు ఇంటి కాయకమును మరచిన నేను మారయ్య స్థానమున నుంటిని. లక్కమ్మ నా యింటనే యుండి నన్ను హెచ్చరించినది.

ఆ కథలో మిగిలిన భాగము మరింత గొప్పది. మరియొకనాడు మారయ్య అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని స్వీకరింపక, ఇది మనకు తగదు, తెచ్చినచోటనే పోసి రమ్మనెను. కాయకమునకు కొలత కలదని ఆమె చూపినది. ఇచ్చట నాకొక సంగతి తట్టినది. నేలరాలిన బియ్యమును అవసరమునకు మించి తెచ్చుట దోషమైనచో, ఒక మనిషి యొంటినుండి శక్తికి మించిన శ్రమను తీసికొనుట దోషము కాదా? బియ్యమునకున్న కొలత తల్లి చెమటకు లేదా? కొలత కలది కాయకము. కొలత లేనిది వెట్టి. మనసొప్పి చేయునది కాయకము. మరియొకరు చేయరు గనుక చేయునది వెట్టి.

ఇది నా యింటి ముచ్చట మాత్రమే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయము దేశమంతట కాలవినియోగ సర్వే జరిపినది. జీతము లేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వినియోగించుచున్నట్లు తేలినది. ఆ పనిలో చేయి పెట్టిన పురుషులే నూటికి 26 మంది. తక్కినవారిలో నేనొకడను.

మిత్రుడొకడు ఇది విని, “మన తల్లులు పదిమందిని పెంచలేదా? వాళ్ళెన్నడైనా ఇట్లా అడిగారా?” అనెను. అడుగలేదు. మా అమ్మయు అడుగలేదు. ఆమె తీరికగా కూర్చుండి లింగపూజ చేయగా నేను చూచిన జ్ఞాపకము లేదు. పొయ్యి దగ్గర నిలుచుండియే, తడిచేతిని కొంగున తుడుచుకొని, లింగమును కన్నుల కద్దుకొని, మరల రొట్టె తట్టెడిది. మా నాయనకున్నంత భక్తి అమ్మకు లేదని బాల్యమున నేననుకొంటిని. ఆమెకు లేనిది భక్తి కాదు, తీరిక యని తెలిసికొనుటకు నాకు 50 ఏండ్లు దాటవలసివచ్చినది. అడుగకపోవుట తృప్తికి గుర్తు కాదు. అడిగిన వినువారుండరని తెలిసినవారును అడుగరు.

తల్లికి బిడ్డలపై ప్రేమ యుండగా కొలతలేల యని మరికొందరందురు. ప్రేమ నిజమే. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున రచించిన బసవపురాణములో బెజ్జమహాదేవి కథ మనకందరకు తెలిసినదే. శివునకు తల్లి లేదు గనుకనే విషము త్రాగి, వల్లకాట తిరుగవలసివచ్చెనని ఆమె తల్లడిల్లినది. తానే తల్లియై, శివుని బిడ్డగా నెంచి, నీళ్ళుపోసి, కాటుక పెట్టి, పాలిచ్చి పెంచినది. ఆ పెంపకమును మించిన పూజ మరియొకటి కలదని కవి చెప్పలేదు. దేవునకైనను తల్లి లేనిచో ఆలన లేదని ఆ కథ చాటుచున్నది. ఆ కథను చదివి మనము కన్నీరు పెట్టుకొందుము. కాని పక్కగదిలో నిజమైన బిడ్డకు నిజముగా విసరుచున్న తల్లి చేతినుండి ఒక్క గంట విసనకర్ర నందుకొనము. ఆమె ప్రేమ ఆమె చేయు పనికి కారణము కావచ్చును. మనము చేయకుండుటకు అది కారణము కానేరదు.

మరునాటినుండి ఉదయము 5 గంటలు మొదలు 7 గంటల వరకు బిడ్డలను నేను చూచుకొందునని చెప్పితిని. నల్లానీరును నేనే పట్టుదునంటిని. మొదటినాడే నా పాండిత్యము తేలిపోయినది. ఏబదిమంది పిల్లల తరగతిని కనుసైగతో అదుపులో నుంచువాడను, 5 నెలల పసిదానిని ఊరడింపలేకపోయితిని. దానిని ఎత్తుకొని నేను తిరుగుచుండగా పెద్దవాడు విభూతి గట్టిని నీళ్ళ బిందెలో వేసెను. ఆ రెండు గంటలు నాకు రెండు దినములైనవి.

ఇంతటి త్యాగము చేసితిని గదా, అమ్మాయి ప్రశాంతముగా పూజలో నుండునని తలుపు సందున చూచితిని. ఆమె నిద్రపోవుచుండెను. దాచుకొననేల, నాకు కోపము వచ్చినది. పూజకని ఇచ్చిన సమయమును నిద్రకు వాడుకొనెనే యనుకొంటిని. మరుక్షణమున సిగ్గుపడితిని. ఆ రెండు గంటలు నేనిచ్చిన దానము కాదు. ఆమెవే ఆమెకు మరలినవి. వాటితో ఏమి చేయవలెనో చెప్పుటకు నేనెవ్వడను? రాత్రియంతయు మేలుకొన్న శరీరము నిద్రించుట లింగమునకు అపచారమా? రెండవనాడును ఆమె నిద్రించినది. నాలుగవనాడు తనంతట తానే లేచి, స్నానము చేసి, అరచేత లింగము నుంచుకొని కూర్చున్నది. ఎంతసేపు కూర్చున్నదో నేను చూడలేదు. బిడ్డ నా భుజముపై అప్పుడే కన్ను మూసినది. కదలుటకు భయపడి నేను గోడకానుకొని నిలుచుంటిని. నా పూజ ఆనాడు ఆలస్యమైనది. నాకు చింత కలుగలేదు.

సత్యక్క ఊడ్చుట కాయకము, కదిరె రెమ్మవ్వ నూలు వడకుట కాయకము. వారు అనుభవమంటపమున వచనములు చెప్పినవారు. చేతిలో పని యుండుట వారికి అడ్డు కాలేదు. చెప్పుటకు చోటు, వినుటకు చెవులు వారికి లభించినవి. మన యిండ్ల తల్లులకు కావలసినది ఆ చోటు, ఆ చెవులు, ఆ తీరిక.

మఠాధిపతులకును, కులపెద్దలకును నా విన్నపమొక్కటే. రానున్న బసవ జయంతినాడు దాసోహపు వంటను పురుషులము చేయుదము. ప్రవచన మందిరమున గాలి తగులుచోట పది ఊయెలలు కట్టించి, కుండలలో చల్లని నీరుంచి, బిడ్డల తల్లులను ముందు వరుసలో కూర్చుండబెట్టుదము. బిడ్డలు ఏడ్చినచో ప్రవచనకర్త ఒక నిమిషమాగవచ్చును. అన్నము కొంత మాడవచ్చును, పప్పులో ఉప్పు తక్కువ కావచ్చును. శరణులు దానిని ప్రసాదముగనే స్వీకరింతురు.

ఇంట మాత్రము జయంతి వచ్చువరకు ఆగనక్కరలేదు. ఈ సాయంకాలమే పెరటి బండలపై నీళ్ళు చల్లుటకు ఒక చేయి కావలసియున్నది.