పాళెము వెలుపలి చోటు



ద్వితీయోపదేశకాండము 23:12, 13 చూడుడి. బహిర్భూమికి పాళెము వెలుపల చోటుండవలెనని దేవుడు నియమించెను. శరీరావసరమును ఆయన సిగ్గుగా ఎంచక ధర్మశాస్త్రములోనే చేర్చెను.

మన దేశమందు 2009 నాటి విద్యాహక్కు చట్టము బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండవలెనన్నది. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు విధించెను. అయితే కట్టినదానికి తాళము వేసి, నీళ్లు పెట్టక, గంట కొట్టువరకు ఓర్చుకొమ్మనినచో ఆజ్ఞ నెరవేరినట్లా?

మన దుమ్ముగూడెపు ఎండలో, బయటికి పోవలసి వచ్చునని ఒక ఆడపిల్ల దాహమును చంపుకొనినయెడల ఆ పాపమెవరిది? సాకుతో పిల్లలు తిరుగుదురందురు. ఒకరిద్దరు తిరుగుదురేమో, దానికై అందరిని బాధింపవచ్చునా? శరీరము బడిగంటను ఎరుగదు. అడిగిన బిడ్డను పంపుట దయ కాదు, న్యాయము.

పెద్దలారా, మన బడిలో ఆ తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నదో రేపే విచారించుడి.