సూక్ష్మదర్శిని చెప్పిన చేదు మాట

యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు పెద్దయ్యారు. ఆయన మందులను గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ మందుల్లో ఒకదాని వెనుక ఉన్న పాథాలజిస్టును గురించి మాత్రం అంతగా చెప్పుకోలేదు. ఆయన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన సిడ్నీ ఫార్బర్. జబ్బుపడిన కణాన్ని, ఒక్కొక్కప్పుడు శవాన్ని, పరీక్షించి ఏం జరిగిందో చెప్పడం ఆయన వృత్తి.

ఆ రోజుల్లో ల్యుకీమియా వచ్చిన పిల్లలు వారాల్లో, మహా అయితే నెలల్లో పోయేవారు. ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలతో ఎలుకల్లో కొన్ని కణితులు తగ్గాయని విని, ఫార్బర్ వాటిని పిల్లలకు ఇచ్చి చూశాడు. అవీ లెడర్లీ నుంచి వచ్చినవే. తీరా ఆ పిల్లల ఎముకల మూలుగను, పోయినవారి అవయవాలను పరీక్షిస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది.

మందిచ్చినవాడూ, దాని ఫలితాన్ని చూసినవాడూ ఒక్కడే. ఎలాగూ పోయే ప్రాణాలే గదా అని సరిపెట్టుకుంటే అడిగేవారెవరు? ఆయన సరిపెట్టుకోలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, దాన్ని అడ్డుకునేది తగ్గించాలి గదా అనుకున్నాడు. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమని వ్యాసం పేరులోనే రాశారు. నాకు ఆ ఒక్క మాట మీద ఉన్న గౌరవం మిగిలిన వ్యాసమంతటి మీదా లేదు.

అయినా ఒక సందేహం తీరదు. మనిషి మీద ప్రయోగం చేయాలంటే అతడు తనంతట తాను ఒప్పుకోవాలని న్యూరెంబర్గ్ తీర్పు చెప్పింది 1947 ఆగస్టులో. బోస్టన్‌లో అమినోప్టెరిన్ వాడకం మొదలైంది ఆ ఏడాది చివర్లో. పసివాడు దేనికి ఒప్పుకోగలడు? తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, నిజమే. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ పక్కన కూర్చున్నవాళ్ళు దేనికి కాదంటారు? ప్రయోగం చేసినందుకు ఫార్బర్‌ను నేను తప్పుపట్టలేను. పోయిన పిల్లల మూలుగ చెప్పింది దాచి ఉంటే మాత్రం క్షమించలేకపోయేవాణ్ణి.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ ల్యుకీమియాకే కాక కీళ్ళవాతానికీ వారానికొకసారి ఇస్తున్నారు. దుష్ఫలితాలు తగ్గడానికి దానికి తోడుగా డాక్టరు రాసేది ఆ ఫోలిక్ ఆమ్లం మాత్రే.